మాస్టారి ఎకో పెట్టె

పోయిన నెల ఒక సోమవారం, తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకాలు దిద్దుతుండగా మా గిటారు మాస్టారి భార్య, ఆంటీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, మీ మాస్టారు ఇక లేరమ్మా. టిఫిన్ తిని, మాత్ర వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. అంతే." ఆమె గొంతు నిలకడగానే ఉంది. నాకే చేతిలో ఉన్న ఎర్రపెన్ను ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆయన మీలో చాలామందికి తెలిసి ఉండరు. ఇబ్రహీంపట్నంలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. నేను బెజవాడ పటమటలో లెక్కల టీచర్ని. నాకు ముప్పై ఎనిమిదేళ్లప్పుడు గిటారు నేర్పించమని గుణదలలో వాళ్లింటికి వెళ్తే, ఎగాదిగా చూసి "ఎవరికమ్మా, పిల్లలకా?" అన్నారు. నాకేనండీ అన్నాను. "అయితే మంచిదే. పెద్దోళ్లకి సిగ్గుంటది. సిగ్గున్నోళ్లు ప్రాక్టీస్ చేస్తారు."

వాళ్ల ముందుగదిలో బల్ల మీద, అల్లిక గుడ్డ కింద ఒక ఇనప పెట్టె ఉండేది. ఎకో పెట్టె. మూత తీస్తే లోపల గోధుమరంగు టేపు, రెండు కొసలూ కలిపి అతికించింది, ఆగకుండా తిరుగుతుంటుంది. గిటారు తీగ మీటితే ఆ స్వరం టేపు మీదికి ఎక్కుతుంది. అర క్షణంలో తిరిగి వినిపిస్తుంది, మళ్లీ ఇంకాస్త మెల్లగా, మళ్లీ ఇంకాస్త దూరంగా. చుట్టు పూర్తయ్యేసరికి పాతది చెరిగిపోయి కొత్తదానికి చోటిస్తుంది.

నేను ఆన్‌లైన్లో తెప్పించుకున్న, కాలితో నొక్కే చిన్న ఎకో పెడల్ కూడా అదే పని చేస్తుంది, పైగా హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. ఒకరోజు రెండూ పక్కపక్కన పెట్టి వినిపించాను, కాస్త గర్వంగానే. ఆయన సాంతం విని, "నీ దాంట్లోంచి వచ్చేది జెరాక్సమ్మా. నా పెట్టెలోంచి వచ్చేది జవాబు" అన్నారు. ఆ రోజు నేను ఒప్పుకోలేదు. పోనుపోను చెవికి ఎక్కింది. టేపు అరుగుతుంది, సాగుతుంది, మోటారు ఓ పిసరు తడబడుతుంది. అందుకే తిరిగొచ్చే ప్రతి స్వరం కాస్త మసకబారి, కాస్త వణుకుతూ వస్తుంది. ఒంటరిగా వాయించుకునేవాళ్లకి పక్కన ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది. గిటారు వాయించేవాళ్లు ఇంత బరువునూ ఇంత చాకిరీనీ ఎందుకు భరిస్తారో అప్పుడు అర్థమైంది.

చాకిరీ అంటే మామూలు చాకిరీ కాదు. ప్రతి శనివారం దూదికి స్పిరిట్ అద్ది లోపలంతా తుడవాలి. ఏటా గుణదల తిరునాళ్లకు ముందు టేపు మార్చాలి. పాత టేపు చుట్టలోంచి ముక్క తీసి, కొసలు ఏటవాలుగా కత్తిరించి అతికించేవారు. ఓ ఏడాది ఆ పని నాకిచ్చారు. లెక్కల టీచర్ని కదా, స్కేలు పెట్టి తిన్నగా కత్తిరించాను. అతుకు వచ్చినప్పుడల్లా 'టప్' మని కొట్టడం మొదలైంది. ఆయన కసురుకోలేదు. వారం రోజులు ఆ టేపుతోనే వాయించి, వచ్చినవాళ్లందరికీ "వెనక తాళం కొట్టేది మా మేడమేనండీ" అని చెప్పారు.

నా అసలు జబ్బు తొందర. ఒక స్వరం తిరిగొచ్చేలోగా నాలుగు వాయించేసేదాన్ని. అన్నీ కలిసి రైతుబజారు గోలయ్యేది. "ఆగమ్మా. నువ్వో మాటన్నావ్. అది బదులిస్తంది. విను" అనేవారు. క్లాసులో కూడా ప్రశ్న నేనే అడిగి, జవాబు నేనే చెప్పేస్తానని ఆయనకెలా తెలిసిందో మరి. ఈ మధ్య అడిగి ఆగుతున్నాను. వెనక బెంచీ పిల్లలు కూడా నోరు విప్పుతున్నారు. ఆయనకు ఈ సంగతి చెప్పనే లేదు. చెప్పి ఉండాల్సింది.

వాయిస్తుంటే ఫోన్ మాత్రం తియ్యనిచ్చేవారు కాదు. "అందులో దాచుకుంటే వినడం మానేస్తావ్" అనేవారు. అందువల్ల ఆయన వాయించింది ఇప్పుడు ఎక్కడా లేదు.

అందుకే, జ్ఞాపకార్థ కూడికలో ఆ పెట్టెతోనే వాయించమని ఆంటీ అడిగినప్పుడు నాకు ముందు ఆ టేపే గుర్తొచ్చింది. పోవడానికి ముందురోజు సాయంత్రం ఆయన వాయించుకుని ఆపేశారట. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అంటే ఆయన చివరి స్వరం ఆ టేపు మీదే ఉండాలి. స్విచ్ వేస్తే ఒక్కసారి వినిపిస్తుంది, ఆ వెంటనే చెరిగిపోతుంది. టేపు తీసి దాచేద్దామా, నా పెడల్‌తోనే కానిచ్చేద్దామా అని రెండు రోజులు నాలో నేనే నలిగాను. చివరికి కూడిక రోజు ఉదయం ఆంటీకి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నారు. "ఎంతసేపు వినపడుద్ది?"

"రెప్పపాటు ఆంటీ. పోనీ ఫోన్లో పట్టుకోనా?"

"వద్దులే, ఆయనకి ఇష్టం ఉండదుగా. ఇద్దరం విందాం."

స్విచ్ ఆమే వేశారు. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. మోటారు అందుకుంది. సన్నటి 'సుయ్' మనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఒక చుట్టు, రెండో చుట్టు. ఏమీ లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆంటీ బిత్తరపోయి చూశారు. అంతలోనే నవ్వడం మొదలుపెట్టారు, కళ్లలో నీళ్లతోనే. "అయ్యో, మర్చేపోయానమ్మా! వాయించడం అయ్యాక ఓ నిమిషం ఖాళీగా తిప్పితే గానీ ఆపేవోరు కాదుగా. కరెంటు దండగ ఎందుకండీ అంటే, 'రేపెవరు కూర్చున్నా టేపు శుభ్రంగా ఉండాల' అనేవోరు."

పాఠం అవగానే బస్సంటూ పరిగెత్తేదాన్ని. ఆ ఒక్క నిమిషం సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియనే లేదు.

"రేపంటే ఇయ్యాలే, కూర్చున్నది నువ్వే" అన్నారు ఆంటీ. "వాయించు."

ఒక్క తీగ మీటి ఆగాను. కాస్త వణుకుతూ తిరిగొచ్చింది. మళ్లీ వచ్చింది. వరండాలో కుర్చీలు వేస్తున్నవాళ్లు చేతులాపి నిలబడ్డారు. ఆంటీ వెచ్చబడుతున్న పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఇంకోసారి వినపడుతుందేమోనని తల కాస్త వంచి, అలాగే ఉండిపోయారు.