ఉప్పు చూడమని వచ్చిన గిన్నె

నిన్న తార్నాకలో పాతసామాన్ల బండి మీద ఒక ఇత్తడి పంపు స్టవ్వు కనిపించింది. ఆగలేక వంగి వాసన చూశాను. ఇన్నేళ్లయినా కిరోసిన్ వాసన పోలేదు! తొంభైలలో అక్కడి యూనివర్సిటీ క్యాంపస్ వెనక రేకుల ఇళ్లలో పెరిగిన దోస్తులారా, పొద్దున్నే వరసగా అన్ని ఇళ్లలో ఆ స్టవ్వులు బుస్సుమనే చప్పుడు గుర్తుందా?

హాస్టళ్లకు సెలవులిస్తే మెస్సులో వంటచేసే మా నాన్నకు పని ఉండేది కాదు. మా స్టవ్వు మూగబోయేది. కాసేపటికే పక్కింటి మేరీ అత్తమ్మ పెద్ద గిన్నె నిండా పప్పుతో వచ్చేది.

"వదినా, జర ఉప్పు సూడు. నా నోటికి ఏం తెలుస్తలేదు."

అమ్మ అరచేతిలో చుక్క వేసుకుని నాకి, "మంచిగనే ఉన్నది" అనేది. అత్తమ్మ వెళ్లిపోయేది, గిన్నె మా ఇంట్లోనే ఉండేది. అందరం తినేవాళ్లం. ఉప్పు చూడడంలో మా అమ్మను మించినవాళ్లు గల్లీలోనే లేరని నేను తెగ గర్వపడేదాన్ని.

ఒకసారి అత్తమ్మ భర్త జ్వరంతో మంచాన పడి కూలికి పోలేదు. ఆ పొద్దున వాళ్ల స్టవ్వు చప్పుడు వినిపించలేదు. అమ్మ మా పప్పులో సగానికి పైగా గిన్నెలో పోసి, మూతపెట్టి నా చేతికిచ్చింది.

"పో, అత్తమ్మను ఉప్పు సూడమను."

"నువ్వు సూసినవ్ గదమ్మా?"

"నాకేం తెలుస్తది, పో."

అత్తమ్మ గిన్నె అందుకుంది. మూత కూడా తీయలేదు.

"ఉప్పు మంచిగ సరిపోయిందని చెప్పు బిడ్డా" అంది.

ఆ మర్యాద వాళ్లకు ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.