ఆవాజ్ తగ్గించిన ఐదు నిమిషాలు

మొన్న ఆదివారం మా పెద్దమ్మాయి కొడుకు తన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించి, కళ్లు మూసుకుని శత్రువు ఎటునుంచి వస్తున్నాడో చెప్పమన్నాడు. వాడు ఆడుతున్నది ఏదో కత్తియుద్ధాల ఆట, అందులోనూ రెండో భాగమట. ఎడమ చెవి వెనుక ఎవరో ఎండుటాకులు తొక్కిన చప్పుడు, ఆ వెంటనే ఒరలోంచి కత్తి దూసిన చప్పుడు ఎంత దగ్గరగా వినిపించాయంటే, అరవైకి దగ్గరపడిన మనిషిని, నిజంగానే తల తిప్పి చూశాను. వాడు పగలబడి నవ్వాడు. నేను హెడ్‌ఫోన్లు తీసి వాడి చేతిలో పెట్టాను. తలనొప్పిగా ఉందని చెప్పి వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

తొంభైల నడిమికాలంలో మన జిల్లా పట్టణాల్లో పెరిగినవాళ్లకు వీడియోగేమ్ దుకాణాలు గుర్తుండే ఉంటాయి. మాది మక్తల్ దగ్గర చేనేత కుటుంబం. మగ్గం గుంటలో కూర్చోవడం నాకు మొదటినుంచీ గిట్టలేదు. రేడియోలు, టీవీలు బాగుచేయడం నేర్చుకుని మహబూబ్‌నగర్ వచ్చి, మసీదు సందులో ఒక చాచా దుకాణంలో పనికి కుదిరాను. ఐదు టీవీలు, ఐదు ఆట పెట్టెలు, గోడకానుకుని బల్లలు, ఇంతే ఆ దుకాణం. పెట్టెలు వేడెక్కినా, మీటలు అరిగినా, క్యాసెట్ మొరాయించినా నన్నే పిలిచేవారు. క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్లీ పెడితే సగం రోగాలు కుదిరేవి. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పెద్ద విద్వాంసుడిలా ముఖం పెట్టేవాణ్ని.

అప్పట్లో ఒక కత్తియుద్ధం ఆట మా దుకాణాన్ని నిలబెట్టింది. తరువాత దాని రెండో భాగం వచ్చింది. మొదటి భాగమంతా కళ్లతో ఆడేదే, శత్రువు ఎదురుగా కనబడేవాడు, మనం కొట్టేవాళ్లం. రెండో దాంట్లో ఆట తయారుచేసినవాళ్లు తమాషా చేశారు. తెరనిండా పొగ కమ్మేసి, చూడవలసినదంతా వినవలసినదిగా మార్చారు. కత్తి డాలుకు తగిలితే ఒక మోత, గాలిలో వృథాగా పోతే మరో మోత. చివరికి వచ్చే పెద్ద యోధుడైతే కొట్టబోయే ముందు ఒక్కసారి బలంగా ఊపిరి పీల్చేవాడు. ఆ ఊపిరి విని పక్కకు దూకితే బతికినట్లు, లేకపోతే లేదు. ఏ దూరదేశంలోనో కూర్చుని ఇనుప గొలుసులు ఈడ్చి, రేకులు కొట్టి, తన ఊపిరినే పట్టి అందులో పెట్టిన ఆ మనిషెవరో గానీ, నాకు అతనంటే భక్తి కలిగింది. టీవీలో ఉండే చిన్న స్పీకర్‌కు ఆ పనితనం అందదని, పాత రికార్డు ప్లేయర్ తాలూకు పెద్ద చెక్కపెట్టె స్పీకర్ తెచ్చి ఒక టీవీకి కలిపాను. ఆ టీవీ దగ్గర జనం గుమిగూడేవారు.

మా తమ్ముడు అప్పుడు నా కిరాయి గదిలోనే ఉండేవాడు. మేనమామకు లారీ ఉండేది. లైసెన్స్ రాగానే తమ్ముణ్ని దానిమీద ఎక్కించుకుంటానని మామ మాట ఇచ్చాడు. ఇక చిన్నవాడి బతుకు మగ్గం గుంటలో తెల్లవారదని బాపు కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. తమ్ముడికి చిన్నప్పటినుంచీ చెవులు కారేవి. అమ్మ వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేసి దూది పెట్టేది. అందరి ఇళ్లలోనూ చేసేదే కాబట్టి దవాఖాన ఊసు ఎవరికీ రాలేదు. పిలిస్తే ఒకపట్టాన పలకడని, పెద్ద దొర అని మేమంతా ఆటపట్టించేవాళ్లం. ఎదుటివాళ్ల ముఖంలోకి అదేపనిగా చూస్తాడని కూడా నవ్వేవాళ్లం.

పొద్దుగూకక ముందు అజాన్ వినబడగానే చాచా గల్లా దగ్గరినుంచి లేచి, "జర ఆవాజ్ తగ్గించుర్రి బేటా" అనేవాడు. ఐదు టీవీల గొంతూ మూగబోయేది. ఆ ఐదు నిమిషాలూ ఆట ఆపుకోవచ్చు గానీ, గంట లెక్కన ఆడేవాళ్లకు ఆపడం ప్రాణసంకటం. మొదటి భాగంతో ఏ ఇబ్బందీ లేకపోయింది. రెండో భాగం వచ్చాక మాత్రం అజాన్ వేళకు మొనగాళ్లు కూడా వరసగా కూలిపోయేవారు. ఒక శుక్రవారం అలాగే అందరూ ఓడిపోయి మీటలు వదిలేసి చూస్తుంటే, మా తమ్ముడు ఒక్కడు తొణక్కుండా బెణక్కుండా పెద్ద యోధుణ్ని పడగొట్టాడు. పొగలో ఆ యోధుడి నీడ కొట్టే ముందు రవ్వంత కదులుతుందట, మాలో ఎవరూ గమనించలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. చాచా తన చాయ్ వాడికిచ్చి, "నీ తమ్ముడు ఉస్తాద్ బేటా" అన్నాడు. నా ఛాతీ రెండింతలయింది.

ఇంటికి వెళ్లాక ఆ గర్వం నిలవలేదు. చప్పుడు పోగానే అందరి ఆటా మారింది, వీడి ఆట మాత్రం వెంట్రుకవాసి కూడా మారలేదు. మరునాడు మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేని సమయంలో వాణ్ని ఆ పెద్ద స్పీకర్ టీవీ ముందే కూర్చోబెట్టి, ఆట మంచి ఊపులో ఉండగా స్పీకర్ తీగ లాగేశాను. దుకాణమంతా నిశ్శబ్దమైపోయింది. వాడు అలాగే ఆడుతున్నాడు. కాసేపటికి తల తిప్పి నా చేతిలోని తీగ చూశాడు. వాడి ముఖం తెల్లబోయింది.

"అన్నా, బాపుకు చెప్పకు," అన్నాడు. "లారీ ఎక్కినంక రెండు నెలల్ల నేనే దవాఖానకు పోత. ఇప్పుడు చెప్తే మల్ల మగ్గం గుంటలనే కూసుండబెడ్తడు."

నేను సరేనన్నాను. హారన్ వినబడనివాడు లారీ తోలితే వాడికీ ప్రమాదమే, రోడ్డు మీది జనానికీ ప్రమాదమే అని తెలిసికూడా సరేనన్నాను. తమ్ముడి మీద ప్రేమతోనే అనుకున్నాను గానీ, బాపు ముందు నిలబడి ఆ మాట చెప్పాలంటే నాకు భయం, అసలు సంగతి అది.

ఆ తరువాత రెండు నెలలు కూడా తిరగకుండానే, లైసెన్స్ ఇంకా రాకముందే, వాడికి చెవి వెనుక వాచి, జ్వరం తలకెక్కింది. హైదరాబాద్ తీసుకుపోయాం. కోసి శుభ్రం చేశారు, ప్రాణం దక్కింది. ఒక చెవి పూర్తిగా పోయిందని, రెండోది కూడా పేరుకే ఉందని, కొంచెం ముందు తెచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టర్ అన్నాడు. బాపు నా వైపు తిరిగాడు.

"ఒక్క అర్రలనే ఉంటిరి గద, నీకు ఎర్క లేదార?"

"నాకేం ఎర్క బాపు, వాడు చెప్పలే," అన్నాను.

మంచం మీద తలకు కట్టుతో ఉన్న తమ్ముడు నా ముఖంలోకే చూస్తున్నాడు. పెదవులను బట్టి మాట పోల్చుకోవడం వాడికి ఎన్నేళ్లనుంచి అలవాటో అప్పటికిగాని నాకు తట్టలేదు. నా మాట పూర్తికాగానే వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

లారీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాడు ఊరికి పోయి మగ్గం గుంటలో కూర్చున్నాడు. నోరు తెరిచి చెప్పరాదా అని బాపు పోయేదాకా వాణ్నే తిట్టాడు. వాడు ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు.

ఇప్పుడు మసీదు సందులో చాచా దుకాణం లేదు, అక్కడ ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. ఆనాడు హైదరాబాద్ దాకా పోయి చేయించిన చెవి ఆపరేషన్ ఇప్పుడు మహబూబ్‌నగర్‌లోనే చేస్తున్నారు, చెవి కారితే నూనె చుక్కలు వేసే తల్లులూ తగ్గిపోయారు. పసిపిల్లలకు సైతం వినికిడి పరీక్షలు చేస్తున్నారని విన్నప్పుడల్లా సంతోషమూ కలుగుతుంది, ఆ రోజు లాగిన స్పీకర్ తీగా గుర్తుకొస్తుంది. నా తమ్ముడికి ఆ పరీక్ష చేసినవాణ్ని నేనే, ఫలితం దాచినవాణ్నీ నేనే. నెలకోసారి ఊరికి పోతాను. వాడు అటు తిరిగి నేస్తూ ఉంటాడు. వాడి వీపు వెనుక నిలబడి, ఆ రోజు నేను అబద్ధమాడాను, నన్ను క్షమించురా అని ఎన్నిసార్లు పైకే అన్నానో లెక్కలేదు. తిరిగి వాడి ఎదుటికి వచ్చి, వాడు నా పెదవులు చూస్తుండగా ఆ మాట అనడం మాత్రం ఇప్పటికీ నా వల్ల కాలేదు.