బీపీ నార్మలే అన్నాను

మా ఆఫీసులో మూడో అంతస్తు శుభ్రం చేసే అక్క పోయిన మంగళవారం కన్నుమూసింది. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన చెప్పాడు. "అక్క పోయింది మేడం. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నదట, అట్లనే ఒరిగిపోయిందట." ఆమెకు జరగాల్సిన ఆపరేషన్‌కు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ నాలుగు మాటలూ లేస్తూ కూర్చుంటూ రాస్తున్నాను.

ఆమెది మహబూబ్‌నగర్ వైపు పల్లె. బాలానగర్‌లో కిరాయి గది. మాది కడప. ఈ ఉద్యమం రోజుల్లో ప్రత్యేక రాష్ట్రం మాటెత్తితే మా ఆఫీసులో అందరూ గొంతు తగ్గిస్తారు. ఆమె తగ్గించేది కాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"మీ రాష్ట్రం మీకొస్తే నన్ను పొమ్మంటావా అక్కా?"

"నువ్ పోతే నా ఫ్లోర్ మీద కాఫీ ఎవరు ఒలకబోస్తరు చెల్లె? ఉండు."

నేల తుడిచాక ప్రతిసారీ ఆగి వెనక్కి చూసేది. "మన అడుగులు మనకు కనవడయి, మర్రి సూసుకోవాలె" అనేది.

నిరుడు ఆటో తగిలి కాలు విరిగింది. కట్టుతో నెలన్నర మంచం మీదే ఉంది. పనిలోకి వచ్చాక కూడా ఆ ఒక్క పిక్క వాచే ఉండేది. పని పోతుందేమోనని చీర కిందికి దించి దాచేది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. "దమ్మొస్తున్నది" అనేది. వాళ్ల వైపు ఉబ్బసాన్నీ దమ్మనే అంటారు. మందుల షాపులో ఆ మాటే చెబితే ఉబ్బసం మందిచ్చి పంపారు. కాలినీ ఊపిరినీ కలిపి ఎవరం ఆలోచించలేదు.

ఒక బంద్ రోజు బస్సులు లేక బాలానగర్ నుంచి నడిచొచ్చింది. పెదాలు నల్లబడి ఉన్నాయి. నేనే ఆఫీసు నర్సు దగ్గరికి లాక్కెళ్లాను. చేతికి పట్టీ కట్టి చూస్తే అంతా బాగానే ఉంది.

"చూసినావా, బీపీ నార్మలే. ఊరికే భయపడతాండావు" అన్నాను.

"సదువుకున్నదానివి. నువ్ చెప్తే అయిపాయె" అంది. నాలుగు నెలలు నా మాట పట్టుకునే తిరిగింది. నా మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

చివరికి మెట్ల మీద పడిపోతే పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. స్కాన్లు చూసిన డాక్టరుతో బీపీ నార్మలే కదా అని వాదించాను.

"చేతికి కట్టి చూసేది వేరండి, ఊపిరితిత్తుల నాళాల్లో ఉండే ఒత్తిడి వేరు. కాల్లో గడ్డకట్టిన రక్తం అక్కడికి చేరి, కరగకుండా గోడలకు అతుక్కుపోయింది. దారి ఇరుకైపోయింది. దాంట్లోకి రక్తం నెట్టలేక గుండె కుడివైపు అలిసిపోతోంది. మాత్రలు కొత్త గడ్డలు కట్టకుండా చూస్తాయి. పాతవి ఆపరేషన్ చేసి తీయాలి."

అక్కకు నాకంటే ముందే అర్థమైంది. "పైపుల సున్నం పట్టినట్టా సార్? మోటర్ కాలిపోకముందే కడుగున్రి మరి."

ఆపరేషన్‌కు తట్టుకుంటుందో లేదో తెలియడానికి, పోయిన నెలలో, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలదో చూశారు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి వరండాలో నడిపించారు. నేను ఒక అడుగు వెనక నడిచాను. సగంలో ఆగి గోడకు చెయ్యి ఆనించింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు ఏడుపాగలేదు.

"ఏమీ లేదని నీకు చెప్పింది నేనే గదక్కా."

జవాబు చెప్పడానికి ఊపిరి చాలక నా వైపు చెయ్యి ఊపింది. కాసేపటికి నర్సును అడిగింది.

"ఇంకెంత టైమున్నది బిడ్డా?"

"ఇంకా మూడు నిమిషాలమ్మా."

"అబ్బో, మస్తున్నది" అని గోడ మీద నుంచి చెయ్యి తీసి, నడవసాగింది.