రొయ్యల మేత కవర్లో చోడి జంతికలు

ఆ రోజుల్లో లోకంలో చెడ్డవాళ్ళకి మాత్రమే భయపడితే చాలనుకునేవాణ్ణి. మంచివాళ్ళకి, అందులోనూ మా గోదావరి మంచివాళ్ళకి, అంతకు రెట్టింపు భయపడాలని మా మేనకోడలు పుట్టాక తెలిసింది. చెడ్డవాడు చంటిపిల్లని చూస్తే తన దారిన తాను పోతాడు. మంచివాడు చేతిలో ఏదో ఒకటి పెట్టందే కదలడు. మా మేనకోడలికేమో పాలు పడవు, గుడ్డు పడదు, వేరుశనగ పడదు, రొయ్య బొత్తిగా పడదు. (కొల్లేటి పక్కన కైకలూరులో అమ్మమ్మ ఇంట పుట్టిన పిల్లకి రొయ్య పడకపోవడమేమిటని మా అమ్మ ఆసుపత్రిలో డాక్టరు గారితో గంటసేపు వాదించింది. రిపోర్టు మాత్రం మారలేదు.) పైగా ఈ సంగతులేవీ బయటపడక ముందే ముచ్చటపడి పెట్టుకున్న ముద్దుపేరు జున్ను. ఆ పేరు విన్న ప్రతివాళ్ళకీ దానికి జున్ను తినిపించాలనిపించేది.

మొదటి పుట్టినరోజునాడు ఎవరో పెద్దావిడ "చిటికెడేనమ్మా" అంటూ వేరుశనగ ఉండ విరిచి నాలిక మీద రాసింది. పావుగంటలో పిల్ల మొహం వాచిపోయింది, ఊపిరి అందలేదు, ఆసుపత్రికి పరుగు. పిల్ల బతికి బయటపడింది గానీ మా అక్క మాత్రం ఆ రోజు నుంచి ఎవర్నీ నమ్మడం మానేసింది. బావని కూడా సగమే నమ్మేది. పిల్లని ఒక్క గంట ఎవరికీ వదిలేది కాదు. పిల్ల పడుకుంటే తను మేలుకుని కూర్చునేది. చదువుకున్న చదువు అటకెక్కింది. అలాంటి అక్కకి టీచరు పరీక్ష వచ్చింది, ఏలూరులో. బావ ఆ వారం ఊళ్ళో లేడు, అమ్మ మోకాళ్ళ నొప్పులతో కైకలూరు దాటి రాలేదు. ఇక మిగిలింది నేను. ఇరవై మూడేళ్ళు, కైకలూరులో రొయ్యల మేత అమ్మే షాపులో కొత్తగా సేల్స్ ఉద్యోగం, తలనిండా జుట్టు, అంతకు మించిన ఆత్మవిశ్వాసం. అక్కావాళ్ళుండే తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ముగ్గురం రైల్లో వెళ్ళాలి. అక్క అక్కడ పరీక్షకి దిగుతుంది. నేను పిల్లని బస్సులో కైకలూరు అమ్మ దగ్గరికి చేర్చాలి. "ఒరేయ్, ఇది గనక సరిగ్గా జరగకపోతే నేనింక గుమ్మం దాటను" అంది అక్క. బెదిరింపుగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

రెండు రోజుల ముందే గూడెం చేరుకుని, దారిలో పిల్లకి చిరుతిండి నేనే కొంటానని బయల్దేరాను. మా షాపులో మేత బస్తా మీద ప్రొటీను ఎంత, కొవ్వు ఎంత, తేమ ఎంత, అన్నీ అచ్చువేసి ఉంటాయి. చదువుకుని అమ్మడమే నా పని. చంటిపిల్ల తిండి అంతకంటే కష్టమా అనుకున్నాను. మిఠాయి కొట్టాయన ఎంతో మర్యాదస్తుడు.

"ఈ కారప్పూసలో ఏం వేశారండీ?"

"అన్నీ మంచివే వేశామండి."

"వేరుశనగ ఉందాండీ?"

"కావాలంటే కలిపిస్తామండి."

"వద్దండి. పాలు తగిలాయాండీ?"

"పాలెందుకుంటాయండీ, ఒట్టి వెన్నే."

"చంటిపిల్లకండి. పడదండి."

"చంటిపిల్లకా, ముందే చెప్పొద్దాండీ" అని ఆయన నొచ్చుకుని, ఒక కోవాబిళ్ళ ఊరికే తీసి నా చేతిలో పెట్టాడు. రెండో కొట్టులో "మా మీద నమ్మకం లేదాండీ" అన్నారు. మూడో కొట్టులో నూనె పేరు అడిగితే "మంచి నూనండి" అన్నారు. నాలుగో కొట్టులో వంటమనిషిని పిలిపించారు, ఆయన నన్ను ఫుడ్ ఇన్‌స్పెక్టరు అనుకుని కుర్చీ వేసి టీ తెప్పించాడు. రొయ్య తినేదేమిటో బస్తా మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, మనిషి తినేదేమిటో అడిగితే మనసు కష్టపెట్టుకుంటారు. సాయంత్రానికి అయిదు టీలు తాగి, వట్టి చేతులతో ఇంటికి చేరాను.

అక్క కొట్టు తిండి మాటే వదిలేసింది. ఇంట్లోనే చోళ్ళు (పట్నం వాళ్ళు రాగులంటారు), బియ్యం కడిగి ఆరబెట్టి, తన మిక్సీలోనే పిండి చేసి, జంతికల గొట్టంలో అతి సన్నరంధ్రాల బిళ్ళ వేసి, కొబ్బరినూనెలో వేయించింది. పిల్ల గొంతుకి అడ్డం పడకుండా వాటిని చిన్న చిన్న ముక్కలుగా విరిచి స్టీలు డబ్బాలో పోసింది. గోధుమరంగు, పొట్టి పుల్లలు, ఒకే కొలత. నేను చూసి "అక్కా, అచ్చం మా మూడో నంబరు మేతలా ఉన్నాయే" అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను. ఆవిడ చట్రం చూపించింది. (చట్రమంటే జంతికలు దేవే గరిట. అప్పుడప్పుడు నా వీపుకి కూడా వాడేది.)

రైల్లో పిల్ల గౌను వెనక అక్క ఒక కాగితం పిన్నుతో తగిలించింది. "దయచేసి నాకు ఏమీ పెట్టకండి" అని రాసి ఉంది. దాంతో పెట్టెలో అందరి చూపూ మా మీదే. ఎదుటి సీటు బామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "రెండేళ్ళ పిల్లకి అప్పుడే ఉపవాసమాండీ, ఏం మొక్కండీ?" అని అడిగింది. అక్క జబ్బు సంగతంతా వివరంగా చెప్పింది. బామ్మగారు కళ్ళు తుడుచుకుని, చాలా జాలిపడి, "అయ్యో తల్లీ, అయితే ఈ పాలకోవా ఒక్కటీ తిను" అంది. అక్క ఒక చేత్తో కోవా తోస్తూ, రెండో చేత్తో పరీక్ష పుస్తకం తిప్పుతూ ఏలూరు దాకా వచ్చింది.

ఏలూరులో దిగే ముందు రైలు కుదుపుకి స్టీలు డబ్బా మూత ఊడింది, నాలుగు జంతికలు కింద పడ్డాయి. ఈ మూతని నమ్మితే లాభం లేదని నాకు తోచింది. నా బ్యాగులో మా షాపు శాంపిల్ కవర్లు ఉంటాయి, జిప్పు నొక్కితే గాలి కూడా చొరబడదు. దిగాక కొత్త కవరు తీసి జంతికలు అందులోకి ఒంపాను. అక్క ప్లాట్‌ఫారం మీద హాల్‌టికెట్ వెతుక్కుంటోంది, చూడలేదు. మందుల సంచి, డాక్టరు గారు రాసిచ్చిన కాగితం నా మెడకి తగిలించి, పిల్ల బుగ్గ ముద్దుపెట్టుకుని, వెనక్కి చూస్తూ వెళ్ళిపోయింది. ఎంత తెలివైనవాణ్ణో అని నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ కవరు మీద మీసాలు తిప్పుకుంటున్న పెద్ద రొయ్య బొమ్మ ఉందన్న సంగతి నాకు తట్టలేదు. రోజూ చూసే బొమ్మ కదండీ, కంటికి ఆనదు.

కైకలూరు బస్సు ఊరు దాటి చేపల చెరువుల మధ్యకి వచ్చేసరికి జున్నుకి ఆకలేసింది. "మామా, ఆం" అంది. నేను కవరు తీసి, జిప్పు లాగి, దాని అరచేతిలో నాలుగు పుల్లలు పోశాను. పక్క సీట్లో ఎర్ర తువ్వాలు వేసుకున్న రైతు గారు లేచి వచ్చి పిల్ల చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నారు.

"ఏవండీ, మీరేం పెడుతున్నారో చూసుకున్నారా?"

"జంతికలండి."

"ముప్పయ్యేళ్ళుగా చెరువులు చేస్తున్నానండి. నాకు మేత తెలీదాండీ? పైన బొమ్మ కూడా ఉంది గదండీ."

బస్సంతా ఇటు తిరిగింది. "పసిగుడ్డుకి రొయ్యల మేతాండీ" అని వెనక నుంచి ఒకావిడ. "తల్లి లేదేమోనండి" అని ఇంకొకరు. "బరువు పెరగాలని పెడుతున్నాడేమో" అని ఎవరో ముందు సీటాయన, పాపం, నన్ను సమర్థించబోయాడు. కండక్టరు టికెట్లు ఆపి వచ్చాడు. నేను నవ్వుతూ, మా అక్క చేసిందండీ అని చెబుతూనే, సాక్ష్యానికి ఖాళీ కవరేదైనా చూపిద్దామని బ్యాగు తెరిచాను. అందులో అలాంటిదే ఇంకో కవరు కనపడింది. నిండుగా ఉంది. జిప్పు వేసి ఉంది. అందులోనూ గోధుమరంగు పొట్టి పుల్లలే.

నా నవ్వు ఆగిపోయింది. రైతులకి చూపించడానికి శాంపిల్ మేత ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది, అది ఉద్యోగం. మరి నేను తీసిన కవరు ఏది? మేతలో చేపపొడి, రొయ్యపొట్టు, ఇంకా నా మేనకోడలి ప్రాణానికి పడనివన్నీ ఉంటాయి. జున్ను గుప్పిట నోటి దాకా వెళ్ళి ఉంది. ఆ వేళ్ళు విప్పి పుల్లలన్నీ రాల్చేశాను. అది ఆరున్నొక్క రాగంలో ఎత్తుకుంది. నిజం చెప్పొద్దూ, దానికంటే ముందు నేనే ఏడుద్దును, కండక్టరు చూస్తున్నాడని ఊరుకున్నాను.

"వాసన చూడండి" అన్నారెవరో. చూశాను. ఆరు నెలలుగా ఆ షాపులో పనిచేస్తున్న ముక్కు నాది, దానికి మల్లెపూలు కూడా మేత వాసనే. రైతు గారికి ఇచ్చాను. ఆయన గట్టిగా పీల్చి, "లాభం లేదండి. మా ఇంట్లో కూర మాడినా నాకు తెలీదు" అని నిజాయితీగా ఒప్పుకున్నారు. అప్పుడు నేను రెండు కవర్లలోంచీ చెరో నాలుగు పుల్లలు తీసి బస్సంతా చూస్తుండగా నమిలాను. భయంతో నాలిక ఎండిపోయింది, ఏది ఏదో తెలియలేదు. రెండూ కరకరలాడాయి.

"ఉండండుండండి, నీళ్ళలో వేద్దాం" అన్నారు రైతు గారు. కొత్త సరుకు కొనేముందు మా రైతులు గ్లాసులో వేసి చూస్తారు. "మేతయితే మునుగుతుందండి. తేలితే తిండి." రెండు నీళ్ళ సీసాలు వచ్చాయి. డ్రైవరు బస్సు పక్కకి తీసి ఆపాడు, కుదుపుకి ఫలితం తారుమారు కాకూడదని. రైతు గారు ఒక సీసాలో నాలుగు పుల్లలు వేశారు. మునిగి అడుక్కి చేరాయి. అది బ్యాగులో దొరికిన కవరు. రెండో సీసాలో పిల్లకి పెట్టబోయిన కవరువి వేశారు. వెనక సీట్లవాళ్ళు లేచి నిలబడ్డారు, జున్ను కూడా ఏడుపు ఆపి చూసింది. పుల్లలు తేలాయి. నూనె చుక్కలు కూడా తేలాయి. "జంతికలే" అని రైతు గారు తీర్పు చెప్పారు. ముందు సీటాయన చప్పట్లు కొట్టాడు.

నేనూ కొట్టబోయి ఆగాను. కవరు కొత్తదే, సరే. మరి ఆ కొత్త కవర్ల కట్ట మా షాపులో ఎక్కడుంటుంది? మేత బస్తాల మీద. దాని మీద ఎప్పుడూ వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంటుంది. అక్క రెండు రోజులు కడిగి, ఆరబెట్టి, మిక్సీ పట్టి, వేయించినదాన్ని నేను ఒక్క క్షణం తెలివితో పాడుచేశాను. కవరు జిప్పు వేసి బ్యాగులో పడేశాను. "పెట్టనండి. దుమ్మున్నా దానికి చాలు" అని, మెడలోని డాక్టరు గారి కాగితం తీసి దానికి పడనివన్నీ చదివి వినిపించాను. అప్పటిదాకా నన్ను తిట్టిన బస్సు ఒక్కసారి నా పక్షానికి వచ్చేసింది.

ఇక చూడాలి. నలభై సంచులు తెరుచుకున్నాయి. కానీ ఈసారి ఎవరూ పిల్ల చేతిలో ఏదీ పెట్టలేదు, ఒకరి సంచి ఒకరు సోదా చేశారు. "బిస్కట్టు?" "పాలుంటాయండి, చదివాను." "చేగోడీ?" "ఏ నూనండీ?" "మంచి నూనె." "మంచి నూనంటే కుదరదండీ, పేరు చెప్పండి" అని కండక్టరు గద్దించాడు. చివరికి వెనక సీటు పిన్నిగారు సంచి అడుగునుంచి చక్కెరకేళి అరటిపళ్ళ హస్తం తీసింది. అరటిపండు జున్ను ఇంట్లో రోజూ తింటుంది. కానీ రెండురోజుల అలవాటు కదా, నేను గంభీరంగా అడిగాను.

"ఇందులో ఏం వేశారండీ?"

పిన్నిగారు నన్ను ఎగాదిగా చూసి, "నేనేం వెయ్యలేదు బాబూ, చెట్టు వేసింది" అంది.

అయినా నా చేతులు మేత తాకినవి, పిల్ల చేతులు నేను తాకినవి, పిన్నిగారేమో ఏలూరులో వేరుశనగ అచ్చు తిన్నానని తనంతట తానే ఒప్పుకుంది. రోడ్డు పక్క టీకొట్టు దగ్గర బోరింగు కనిపిస్తే డ్రైవరు మళ్ళీ బస్సు ఆపాడు. కండక్టరు కొత్త సబ్బు కొని తెచ్చాడు. ముప్పై మంది చుట్టూ నిలబడి చూస్తుండగా నేను మోచేతుల దాకా కడుక్కుని, పిల్ల చేతులు కడిగి, పండు తొక్కతో సహా కడిగాను. "మళ్ళీ కడగండి, గోళ్ళ సందులు వదిలేశారు" అన్నాడు డ్రైవరు. మళ్ళీ కడిగాను. జున్ను రెండు పళ్ళు తిని, మూడోది రైతు గారి నోట్లో పెట్టబోయింది. ఆయన బుద్ధిగా నోరు తెరిచారు.

బస్సు ముప్పావుగంట ఆలస్యంగా కైకలూరు చేరింది. ఒక్కరూ విసుక్కోలేదు.

సాయంత్రం అక్క పరీక్ష రాసి పరుగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలోనే పిల్లని ఎత్తుకుని, మొహం చూసి, పొట్ట చూసి, వీపు చూసి, "ఏం పెట్టావురా?" అంది. జంతికలని చెప్పేస్తే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అబద్ధం చెప్తే రేపు ఇంకెవరో అదే కవర్లో పోస్తారు. రొయ్య బొమ్మ దగ్గర్నుంచి నీళ్ళ సీసాల దాకా మొత్తం చెప్పాను, తల వంచుకుని చట్రం కోసం ఎదురుచూశాను.

అక్క నా అరచేతులు తిప్పి చూసింది.

"చేతులు సబ్బుతోనే కడిగావా?"

"రెండుసార్లు."

"రెండోసారి ఎవరు కడగమన్నారు?"

"డ్రైవరు."

ఆవిడ చాప మీద కూలబడింది. "అయితే ఒక అరగంట దీన్ని చూస్తావా?" అని, నేను ఊఁ అనేలోపే పక్కకి ఒరిగి నిద్రపోయింది. మా అక్క పగలు నిద్రపోవడం, పిల్ల ఇంకొకరి ఒళ్ళో ఉండగా నిద్రపోవడం, పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి. అమ్మ కూడా చూసి, వంటింట్లోకి వెళ్ళి కళ్ళొత్తుకుంది.

ఇప్పుడు జున్నుకి పదేళ్ళు. పాలు పడుతున్నాయని డాక్టరు గారు పరీక్షించి చెప్పారు, మిగిలినవి ఇంకా పడవు. ఏ పొట్లం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చదివి, "మామా, నువ్వు చదవలేదు కదా" అంటుంది. అక్క బడికి వెళ్తోంది. నా జుట్టు పలచబడింది, ఆత్మవిశ్వాసం అంతకంటే ముందే పలచబడింది. కానీ ఆ సాయంత్రం అరగంట అన్నది మూడు గంటలైంది. నేను కాలు కదపలేదు. పిల్ల నా ఒళ్ళో నిద్రపోతే, దాని మీద వాలబోయిన ఈగల్ని ఒక్కదాన్నీ వాలనివ్వకుండా విసనకర్రతో తోలుతూ కూర్చున్నాను. అవి ఎక్కడ ఏం తిని వచ్చాయో ఎవరికి తెలుసండీ.