నల్లకారు మీద తెల్లపొర

ఆ రోజుల్లో మా బందరులో కార్లున్నవాళ్ళే తక్కువ. ఆ ఉన్నవాళ్ళ దృష్టిలో కూడా కారు మెరవడమంటే, పొద్దున్నే డ్రైవరు బకెట్టు నీళ్ళు కొట్టి, కిరసనాయిలు చుక్కలేసిన గుడ్డతో ఓ తుడుపు తుడవడమే. అలాంటి ఊళ్ళో నేనూ మా బావా కలిసి కార్లకి మెషిన్ పాలిష్ పట్టే షాపు పెడతామని ప్రకటించేసరికి మా ఇంట్లో అందరూ చేతిలో పని ఆపేశారు. మా నాన్నగారు చదువుతున్న పేపరు మడిచి, "పాలిష్ బూట్లకి కదురా వేస్తారు?" అన్నారు. (ఆయన జన్మలో బూట్లు తొడుక్కోలేదు. ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం నాకు లేదు.) ఆయన బడిపంతులు, మా తాతగారు బడిపంతులు, మా పెదనాన్న తాలూకా కచేరీలో గుమస్తా. మా వంశంలో సిరా మరక తప్ప మరో మరక చేతికి అంటించుకున్నవాడు లేడు. ఆ రికార్డు నా చేతుల మీదుగా పోతుందేమోనని ఆయన భయం.

మా బావ, అంటే మేనత్త కొడుకు, అంతకుముందు బెజవాడలో ఒక కార్ల షోరూములో పనిచేసి వచ్చాడు. అక్కడ వాడి పని బిల్లులు రాయడం. కానీ వాడు కూర్చునే చోటినుంచి పాలిష్ గది అద్దాల్లోంచి కనపడేదట. "చూసీ చూసీ చెయ్యి తిరిగిపోయిందిరా నాకు" అనేవాడు. చూస్తే కళ్ళు తిరుగుతాయి గానీ చెయ్యెలా తిరుగుతుందో అడగాలని ఆ వయసులో నాకు తోచలేదు. నాన్నగారు మాత్రం తోచినవన్నీ అడిగి, ఆఖరికి ఒక తీర్పు చెప్పారు. "గుడివాడ రైసుమిల్లు ఆఫీసులో నీకు గుమస్తా పని మాట్లాడి ఉంచాను. మొదటి కారు నలుగురూ మెచ్చేలా చేసి పంపిస్తే షాపు నడుపుకో. లేదా, నేనే స్వయంగా గుడివాడ వెళ్ళి, మావాడొస్తున్నాడని మిల్లువాళ్ళకి మాటిచ్చేసి వస్తాను." ఆ మిల్లు నేను చూశాను. ఊకదుమ్ములో ఒక స్టూలు, దాని మీద ముసలిగుమస్తా ఒకాయన, ఆయన కనుబొమల మీద కూడా దుమ్ము. నాకు రాత్రిళ్ళు ఆ స్టూలే కలలోకొచ్చేది.

మొదటి కారు కోడూరు నుంచి వచ్చింది. దాని యజమాని రొయ్యల చెరువులున్న ఒకాయన. ఆయన మాకు చుట్టం కాదు. చిన్నప్పుడు నాన్నగారి దగ్గర చదువుకున్నాడు, ఆ వరసన నేను ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. హైదరాబాదులో ఎవరో వాడిన నల్లకారు కొనుక్కొచ్చాడు. ఆదివారం గుడివాడలో తోడల్లుడి గృహప్రవేశం. "ముహూర్తానికెళ్తే ఎవడు చూస్తాడల్లుడూ? అందరూ షామియానా కింద కూర్చుని ఉంటారు చూడు, ఆ భోజనాల వేళకెళ్ళి దిగాలి. మా తోడల్లుడు నన్నెప్పుడూ బురదమనిషే అంటాడు. ఈ కారు తలుపులో ఆడి మొహం ఆడికి కనపడాలి!" అని తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మా ఇంటి ముందు ఖాళీస్థలమే మా షాపు, శనివారం పొద్దున్నే అక్కడే మొదలుపెట్టాం. ముందు మెషిన్‌తో పాత గీతలు పోయేలా పాలిష్ పట్టాలి. ఆ తర్వాత గ్లేజు. అది పాలలా ఉంటుంది, పల్చగా పూసి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిస్తే నలుపు అద్దమైపోతుంది. పరీక్షకని బావ బానెట్ మూల జానెడు మేర చేసి, తన పాత బనీను పీలికతో తుడిచాడు. ఓహో, ఏం మెరిసిందండీ! నా మొహం నాకు కనపడింది, ఆ మొహంలో మొటిమ కూడా కనపడింది. బావ వేలు చూపించి, "చూడరా, బెజవాడ పనితనం!" అన్నాడు. కారంతా తుడవడానికి బనీను పీలిక చాలదు కాబట్టి, మా అమ్మ నాన్నగారి పాత పంచెలు చింపి ఉతికి దొంతరగా పేర్చి ఇచ్చింది. మేం హుషారుగా బానెట్ మొత్తం పూర్తిచేసి గ్లేజు తుడిచాం. ఎండలోకి వంగి చూస్తే నల్లకారు మీద తెల్లటి పొర, ఆ పొర కింద సాలెగూడు పరిచినట్టు సన్నసన్నటి గీతలు.

"ఎండరా. రేకు కాలిపోయి గ్లేజు మాడిపోయింది" అన్నాడు బావ. కారు నీడకి తోసుకెళ్ళి మళ్ళీ పాలిష్ పట్టాం, మళ్ళీ గ్లేజు, మళ్ళీ తెల్లపొర. "మందంగా పూశాం" అన్నాడు. పల్చగా పూశాం, పొర పల్చబడలేదు. "బందరు గాలిరా ఇది, అంతా ఉప్పూ తేమా, గ్లేజు ఆరట్లేదు" అన్నాడు. ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి కారుకి విసిరించాం. (మా నాన్నమ్మ చెమటలు కక్కుతూ, "కారుకి ఉక్కపోస్తోందా నాయనా?" అని అడిగింది.) తర్వాత వోల్టేజి మీద అనుమానమొచ్చి, ఫ్రిజ్ స్టెబిలైజరు తెచ్చి మెషిన్‌కి తగిలించాం. తర్వాత మెషిన్‌కి వేసే స్పాంజి బిళ్ళ గట్టిపడిందని కొత్తది వేశాం. ఆ తర్వాత బావకి ఓపిక నశించి స్పీడూ, స్పాంజీ, గ్లేజూ అన్నీ ఒక్కసారే మార్చేశాడు. "అన్నీ కలిపి మారిస్తే తప్పు దేంట్లో ఉందో ఎలా తెలుస్తుంది బావా?" అంటే, "తప్పు తెలుసుకోడానికి ఇదేమన్నా మీ నాన్న పెట్టే పరీక్షా? పొర పోతే చాలు!" అని నా మీద ఎగిరాడు. పోలేదు. వింతేమిటంటే మెషిన్ ఆపగానే చూస్తే రంగు నిగనిగలాడేది. గ్లేజు పూసి తుడిచాకే పాడయ్యేది.

గుడ్డలు మాసిపోయాయేమోనని నాకు అనుమానమొచ్చింది. అమ్మకిచ్చి, "బాగా ఉతికి పెట్టవే" అన్నాను. పాపం అమ్మ పొయ్యి దగ్గర పని మానుకుని ఉతికి ఆరేసింది. ఈసారి గీతలు ఇంకా ఎక్కువయ్యాయి. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ ఉతికింది, ఇంకా ఎక్కువయ్యాయి. సాయంత్రానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు నాన్నగారు వచ్చారు. కారు చుట్టూ తిరిగారు. తెల్లబారిన బానెట్ వంక కాసేపు చూశారు. తిట్టినా బాగుండేది. "రేపు పొద్దున్న బస్సుకి గుడివాడ వెళ్ళొస్తాను" అని మాత్రం అని లోపలికి పోయారు. నా కళ్ళముందు ఊకదుమ్ములో స్టూలు మెదిలింది.

ఆదివారం తెల్లారగానే బావా నేనూ కారు ముందు గడ్డాల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. అమ్మ కాఫీ గ్లాసులతో పాటు గుడ్డల దొంతర కూడా తెచ్చింది. "ఇక దిగులు పడకండిరా. ఈసారి చిక్కగా పెట్టాను, చేతిలో బాగా నిలబడతాయి" అంది.

"ఏంటమ్మా పెట్టావు?"

"గంజిరా! ఎంత పీలికలైనా మీ నాన్నగారి పంచెలు. గంజి లేకుండా గుడ్డ ఇంట్లోంచి బయటికి పంపుతానా? నిన్న కూడా పెట్టాను, పల్చనైనట్టుంది."

బావకి కాఫీ పొలమారింది. నేను ఒక పీలిక తీసి దులిపితే పటపటమని చప్పుడైంది. మా ఇంట్లో చేతిరుమాళ్ళ దగ్గర్నుంచి దిండుగలీబుల దాకా అన్నీ అలాగే చప్పుడు చేస్తాయి కాబట్టి గుడ్డంటే అలాగే ఉంటుందని పుట్టినప్పటినుంచీ నా నమ్మకం. మేం నిన్నంతా ఎండనీ, సముద్రాన్నీ, కరెంటాఫీసునీ తిట్టుకుంటూ కారుకి గంజి పట్టిస్తున్నామన్నమాట! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అట్లా పళ్ళికిలిస్తారేంట్రా, గంజి ఎక్కువైందా?" అని అమ్మ అడుగుతుంటే, బావ ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, "అత్తయ్యా, నువ్వు చల్లగా ఉండాలి, మాకు బనీన్లు కావాలి" అన్నాడు.

ఇక చూడండి, మా ఇంట్లో గంజి సోకని గుడ్డలంటే బనీన్లొక్కటే. దండెం మీదవి, పెట్టెలోవి, ఆఖరికి బావ ఒంటి మీదది, అన్నీ షాపుకొచ్చేశాయి. మెషిన్ వేసి గంజిగీతలన్నీ పోగొట్టి, గ్లేజు పల్చగా పూసి, ఆరనిచ్చి, బనీనుతో మెల్లగా తుడిచాను. ముందు బానెట్. ఎండలోకి వంగి చూశాను. పొర లేదు, గీత లేదు, ఆకాశం కనపడింది. అమ్మయ్య! తలుపులూ, డిక్కీ పూర్తవుతుండగా ఇంట్లోంచి నాన్నగారి గొంతు వినిపించింది. "ఏమేవ్, నా బనీన్లేవీ? బస్సు టైమైపోతోంది." అమ్మ ఏం చెప్పిందో తెలియదు, ఆయన గొంతు మళ్ళీ వినపడలేదు.

రొయ్యల మావయ్య పట్టుపంచె కట్టుకుని దిగాడు. కారుని చూసి, "ఇది నాదేనా అల్లుడూ?" అన్నాడు. తలుపు ముందు గొంతుక్కూర్చుని, మీసం సరిచేసుకుని, ఎదురుగా తోడల్లుడున్నట్టు గంభీరంగా ఒక చూపు చూసి లేచాడు. అప్పుడే నాన్నగారు లాల్చీ వేసుకుని చేతిలో సంచితో గుమ్మం దిగారు. "గుడివాడకేనా మేష్టారూ? బస్సెందుకండీ, నేనూ అటే వెళ్తున్నాను, ఎక్కండి" అన్నాడు మావయ్య. నాన్నగారు కారు దగ్గరికొచ్చారు. ఎంత మెరిసినా ఆయన వెళ్తున్నది గుడివాడకే కదా.

ఆయన తలుపు వైపు చెయ్యి చాచి, ఆగారు. వేళ్ళ వంక చూసుకున్నారు. భుజం మీది కండువా తీసి, నాలుగు వేళ్ళకీ చుట్టుకుని, ఆ కండువాతో పట్టుకుని తలుపు తీశారు. లోపల కూర్చుని, అలాగే కండువాతోనే మెల్లగా లాక్కున్నారు. అద్దం దించి నా వంక చూడకుండా అన్నారు: "మిల్లువాళ్ళకి మావాడు రాడని చెప్పొస్తాను. నువ్వెళ్ళి ఏమన్నా తిను."

కారు గుడివాడ వైపు పెడన రోడ్డెక్కేదాకా చూస్తూ నిలబడ్డాను. నా పక్కన బనీను లేని బావ. ఇద్దరం అటు తిరిగి పిచ్చివాళ్ళలా చేతులూపుతూనే ఉన్నాం. ఇన్నేళ్ళ తర్వాత నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది నాకు. ఎండకి కళ్ళు చెమరుస్తున్నాయని బావతో చెప్పాడు పాపం. బావ కూడా అవునవును, ఎండేరా అన్నాడు.