తవుడు మింగిన డైనమో

మా కారు చెడగొట్టింది నేనే. ఇంకొకరిని అనడానికి లేదు.

డయాలసిస్ మొదలైనప్పటి నుంచి మా ఆవిడకి చేపల వాసన పడడం లేదు. ఆకివీడు పక్కన చెరువుల మధ్య కాపురం ఉంటూ ఆ వాసన పడకపోతే ఎలా? ఇంట్లో అయితే కిటికీలు మూస్తాం. కారులో తప్పదు. టాక్సీ తిప్పిన రోజుల్లో ఆ డిక్కీలో ఎన్ని చేపల ఐసు పెట్టెలు మోశానో నాకే గుర్తు లేదు. ఏలూరు ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకుని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. ఇదేం కంపు అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే కారుని చెరువు గట్టు మీదికి తోలాను. మా వైపు ఏది కడగాలన్నా చెరువు మోటారే. ట్రాక్టర్లు, గేదెలు, వలలు, చర్చి చాపలు, అన్నీ ఆ పైపు కిందే. సీట్లు విప్పి కడిగాను. డిక్కీ కడిగాను. అంతటితో ఆగాల్సింది. బానెట్ ఎత్తి ఇంజను మీద కూడా పైపు పెట్టాను. పొద్దున చేపలకి వేసిన తవుడు నీళ్ళ మీద తేలుతూనే ఉంది. కనబడింది కూడా. తవుడే కదా అనుకున్నాను.

సాయంత్రం ఆవిడ వచ్చి కారు తలుపు తీసి వాసన చూసి నవ్వింది. నవ్వి చాలా రోజులైంది మరి. నాకు ఇంకేం కావాలి?

ఆ వారమే ఏలూరు నుంచి వస్తుంటే ఎర్ర లైటు వెలిగింది, బ్యాటరీ బొమ్మ. సరిగ్గా కొల్లేరు మధ్యకి వచ్చాక కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. హారన్ కొడితే పిల్లి మూలిగినట్టు వచ్చింది. అటూ ఇటూ నీళ్ళు, పైన ఎండ. ఆవిడ లేచి కూర్చుంది. సూదులు గుచ్చిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏవండీ, పెట్రోలు పోయించారా?"

"పోయించాను."

"అయితే దానికీ నాలాగే నీరసం వచ్చుంటుంది. కాసేపు ఉండనివ్వండి."

చేపల వ్యాను అతనొకడు జాలిపడి, తాడు కట్టి ఆకివీడు దాకా లాక్కొచ్చాడు. అక్కడ కారు కరెంటు పనులు చేసే మెకానిక్ డైనమో విప్పి బల్ల మీద పెట్టాడు. నేను డైనమో అంటాను, అతను ఆల్టర్నేటర్ అంటాడు. ఇంజను తిరుగుతున్నంత సేపూ కరెంటు పుట్టించి బ్యాటరీకి పోసేది అదే. అది పోతే బ్యాటరీ ఉన్నదంతా ఖర్చు పెట్టేసి చతికిలబడుతుంది.

"ఇదేంటండీ బాబాయ్ గారూ, తవుడు ముద్ద! దీంతో చేపలకి ఓ పూట గడిచిపోద్దండి."

"ఇంజను కడిగానయ్యా."

"చెరువు మోటారుతోనా అండీ?"

"మరి దేంతో కడుగుతారు?"

నవ్వు ఆపుకోలేక స్పానరు కింద పెట్టేశాడు. ఆ తరవాత అసలు సంగతి చెప్పాడు. వైండింగ్ కాలిపోయింది, బేరింగు పట్టేసింది, ఇక బాగు చెయ్యడం కుదరదు.

"కొత్తది మాత్రం వద్దండి. తాడేపల్లిగూడెంలో పాతవి దొరుకుతాయి. మీ బండి మీటరు ఎప్పుడో ఆగిపోయింది కదండీ. ఇంకెన్నాళ్ళు తిరుగుద్ది?"

అతను కారు గురించే అన్నాడు. తగలడం మాత్రం ఇంకోచోట తగిలింది. ఇంట్లో రోజూ వింటున్న మాట అది. ఆవిడ కళ్ళజోడు విరిగి నెలలైంది. ఒక అద్దం చిట్లింది, ఒక కాడ ఊడితే దారం కట్టి చెవికి తగిలించుకుంటోంది. కొత్తది చేయిద్దామంటే, "ఎన్నాళ్ళకండీ? ఇది చాలు" అంటుంది. చీర కొందామన్నా అదే మాట. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే, పాటల పుస్తకం మీద వేలు పెట్టించి. ఇప్పుడు ఆ పుస్తకం నా చేతికిచ్చి చదవమంటుంది. నేను తప్పులు చదువుతాను. ఒకప్పుడు వెంటనే దిద్దేది. ఈ మధ్య దిద్దడం మానేసింది.

మర్నాడు పాడైన డైనమోని సిమెంటు సంచిలో వేసుకుని గూడెం బస్సెక్కాను. పాత సామాన్ల కొట్టాయన గుట్టలోంచి అచ్చం అలాంటిదే తీసి ఇచ్చాడు. పుల్లీ తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాను. తిరుగుతోంది గాని లోపల సన్నగా గరగర.

"దీనికి గ్యారంటీ ఏమైనా ఉందా అండీ?"

"మా కొట్టు గుమ్మం దాటేదాకా ఉందండి" అని నవ్వాడు. "అంత పాత బండికి ఇంకెందుకండీ గ్యారంటీలు?"

మళ్ళీ అదే మాట. దాన్ని అక్కడే పెట్టేసి, నా సంచి భుజానికెత్తుకుని వచ్చేశాను.

ఆ మర్నాడు డయాలసిస్. ఆవిడని ఆటోలో ఏలూరు తీసుకెళ్ళాను, సంచి కూడా వెంట పెట్టుకుని. మెషిను పెట్టాక మంచం పక్కన కూర్చున్నాను.

"పాతదా, కొత్తదా, ఏది కొంటున్నారు?" అంది.

"కొత్తది. రెండేళ్ళ గ్యారంటీ ఉన్నది."

"మతి పోయిందా మీకు? కారుకి లేదు, నాకు లేదు. దానికెందుకండీ రెండేళ్ళు?"

పక్క మంచం మీదావిడ ఇటు తిరిగింది. నాకు మెత్తగా మాట్లాడడం రాదు.

"నీకు లేదని ఎవరన్నారు? డాక్టరన్నాడా?"

"వేరే అనాలేంటి?"

"ఆయన అనని మాట నువ్వెందుకంటావ్? రెండేళ్ళు నిన్ను ఈ రోడ్డు మీద తిప్పుతాను. అది అరిగిపోతే ఇంకోటి కొంటాను. నోరు మూసుకుని పడుకో."

"ఇన్ని గొట్టాలు పెట్టాక పడుకోక పరిగెడతానా?" అంది. కాసేపటికి, సూదులు లేని చెయ్యి చాపి, తప్పు కాజాలో పెట్టుకున్న నా చొక్కా గుండీ తీసి సరిగ్గా పెట్టింది.

ఆవిడ మెషిను మీద ఉండగానే బజారుకెళ్ళి, స్పేర్ పార్టుల షాపులో పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టించాను. బోల్టు కన్నాలు, పుల్లీ మీద గాడులు, వైరు ప్లగ్గు, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూశాను. షాపాయన విసుక్కోలేదు.

"ఎక్కువ ఆంపియర్లది కూడా ఉందండి, ఇవ్వమంటారా?"

"వద్దండి. పాతదాని మీద ఎంత రాసుందో అంతదే ఇవ్వండి."

"ఇది ఏడాది గ్యారంటీ, ఇది రెండేళ్ళండి. ఇంకా ఎన్నాళ్ళు ఉంచుకుంటారు బండి?"

"మా ఆవిడ ఎక్కినన్నాళ్ళు."

ఆయన రెండేళ్ళదే పెట్టెలో పెట్టాడు.

ఆకివీడు మెకానిక్ దాన్ని బిగిస్తూ, "ఈసారి నుంచి బకెట్టూ గుడ్డా వాడండి బాబాయ్ గారూ" అన్నాడు. తాళం తిప్పితే ఎర్ర లైటు వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. నేను ఇంజను ఆపి, మళ్ళీ తిప్పి చూసుకున్నాను.

తరవాతి డయాలసిస్ అయ్యాక ఆవిడ వెనక సీటు వద్దంది. ముందు కూర్చుంది. ఏలూరు బజారు ఇంకా దాటలేదు.

"ఏవండీ, కాస్త ఆపండి."

"ఏం, వాంతొస్తోందా?"

"అబ్బే. అదిగో, కళ్ళద్దాల షాపు."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది.

"నిన్న మీరు చదివిన పాట నిండా తప్పులే. పుస్తకం కనబడితే కదా, దిద్దడానికి!"

పక్కకి తీసి ఆపాను. దింపి లోపలికి తీసుకెళ్ళాలి, అద్దాలు చూపించాలి, ఎంత సేపు పడుతుందో తెలియదు. ఇంజను కూడా ఆపేశాను.