మోకాలి మీద మంచు

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులవి. జఫర్‌గఢ్ దగ్గర మా ఊరి బడిలో నేను టీచర్ని. మధ్యాహ్నం స్కూటీ మీద ఇంటికి వస్తుంటే రోడ్డు మీద సగం వరకు వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురొచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి బండిని ఆ వడ్ల మీదికి తిప్పాను. చక్రం జారింది. కుడి మోకాలిలో లిగమెంటు తెగింది, ఆపరేషన్ చేశారు.

కుట్లు మానాయి, నొప్పీ తగ్గింది. అయినా తొడ బిగించమంటే చేతకాలేదు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని దాన్ని కిందికి నొక్కాలి, అంతే పని. పళ్లు బిగబట్టేదాన్ని, పిడికిళ్లు బిగించేదాన్ని. తొడ మాత్రం నేను ఇంకెవరికో చెబుతున్నట్టు మెత్తగా పడి ఉండేది. మా ఆయన ఉద్యోగం మహబూబాబాద్‌లో, ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు. ఆయన ముందు నవ్వేదాన్ని కానీ లోపల దిగులు పట్టుకుంది.

జనగామలో నాకు ఫిజియోథెరపీ చేసే అమ్మాయిది భూపాలపల్లి. ఒకరోజు నా తొడ మీద చెయ్యి వేసి చూసింది.

"కండ మంచిగనే ఉన్నది అక్కా. దెబ్బతిన్న మోకాలు వెన్నుపాముకు ఒకటే తీరుగ కబురు పంపుతున్నది. దాంతోని తొడను కదిలిచ్చే నరాల కణాలు పని బంద్ పెట్టినయి."

"మరి వాటిని ఎట్ల లేపాలె?"

"మంచుతోని," అంది. "తోలుకు తగిలిన సల్లదనం గూడ వెన్నుపాముకే పోతది. అప్పుడు ఆ పట్టు కొద్దిసేపు సడలుతది. గదెట్ల జరుగుతదో పెద్ద డాక్టర్లకు గూడ పూర్తిగ తెల్వదు. మనం మాత్రం ఆ కొద్దిసేపట్లనే కసరత్తు చెయ్యాలె."

బట్టలో చుట్టిన మంచుగడ్డలను మోకాలి చుట్టూ కట్టింది. మొదట చురుక్కుమంది, తర్వాత మండింది, ఆ తర్వాత తిమ్మిరెక్కింది. మంచు తీసేసి "ఇగ నొక్కు" అంది. నొక్కాను. మోకాలి పైన కండ సన్నగా అదిరింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంట్లో మాత్రం మా అత్తమ్మకు ఇది నచ్చలేదు. "కోత పడ్డ కాలుకు మంచుగడ్డలా బిడ్డా? వాతం వడ్తది. వావిలాకు నీళ్లతోని కాపడం వెట్టాలె గని." నేను మంచు కట్టుకోగానే ఆమె లేచి వాకిట్లోకి పోయేది.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కరెంటు స్తంభాలు పడిపోయాయి. తెల్లవారేసరికి ఫ్రిజ్‌లో మంచు అంతా నీళ్లయింది. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అన్నాను. అత్తమ్మ కొంగు నెత్తిన కప్పుకుని బయటికి పోయింది. చాలాసేపటికి గోనెసంచి ముక్కలో మంచుగడ్డ పట్టుకుని వచ్చింది.

"చేపలమ్మే ఆమె దగ్గర అడుక్కొచ్చిన. జర నీసు వాసనొస్తది, ఏమనుకోకు."

దాన్ని కడిగి, పగలగొట్టి, తన పాత చీర ముక్కలో చుట్టి నా మోకాలికి తనే కట్టింది. కాసేపయ్యాక విప్పి, నా తొడ మీద అరచెయ్యి పెట్టింది.

"ఏదీ, ఎట్ల నొక్కుతవో నొక్కు."

నొక్కాను. ఆమె చెయ్యి ఉలిక్కిపడింది. "అగో! గట్టివడ్డది!" అని మళ్లీ నొక్కించింది. తర్వాత చెయ్యి తీయకుండానే నెమ్మదిగా చెప్పింది. "మా అవ్వ, నన్ను గన్న తల్లి, పచ్చి బాలింతగ ఉండి సలికాలం వరినాటుకు పోయింది. దినమంత సన్నీళ్లల్లనే. ఎనుక ఆమె చేతులు కొంకర్లు వోయినయి. గందుకే సలువంటే నాకు భయం."

ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె నాకు చెప్పనే లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ వారం జనగామకు తనూ వచ్చింది. వచ్చీ రాగానే ఆ అమ్మాయిని అడిగింది, "సలువ మంచిదా, చెడ్డదా?"

"కండ లోపలిదాంక సల్లవడితే బలం తగ్గుతది అవ్వా, వేళ్లు గూడ మాట వినయి. గిదట్ల కాదు. పైన తోలుకు కొద్దిసేపే."

అత్తమ్మ తల ఊపింది. పూర్తిగా నమ్మిందో లేదో కానీ, ఆనాటి నుంచి మంచు కట్టే పని ఆమెదే అయింది. "ఇగ చాలు, తియ్యి" అని నాకంటే ముందు తనే అనేది.

మెల్లమెల్లగా మంచు అవసరం తగ్గింది. పడుకుని కాలు చాపి పైకి లేపగలిగాను, తర్వాత గోడ పట్టుకుని నిలబడ్డాను. బడులు తెరిచే నాటికి ఆటోలో వెళ్లి పాఠం చెప్పి వచ్చేంత శక్తి వచ్చింది. కుడి తొడ ఇప్పటికీ ఎడమదాని కంటే కాస్త సన్నం. మెట్లు దిగేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. కాలు నన్ను మోస్తుందని తెలిశాక దిగుతాను.